పొటాషియం అయోడైడ్ ‘ఉప్పే కదా’ అనుకోవద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్మీడియెట్ ప్రయోగ పరీక్షలు దగ్గర పడుతున్న ఈ రోజుల్లో, తిరుపతి కళాశాలల ప్రయోగశాలల్లో పొటాషియం అయోడైడ్‌ను వాడుతున్న తీరు గురించి, ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడిగా కొన్ని మాటలు మీ పత్రిక ద్వారా చెప్పదలచాను.

నేను ఆఖరిసారి పరీక్షకుడిగా వెళ్లిన ఒక కళాశాలలో ఈ లవణాన్ని మూత వదులైన పాత ఊరగాయ సీసాలో పోసి, నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెట్టారు. తెల్లగా ఉండవలసిన స్ఫటికాలు పసుపుపచ్చగా మారి గడ్డకట్టాయి. సీసా మీద బాల్‌పెన్నుతో రాసిన దాని రసాయన సంకేతం ‘కె.ఐ.’ అన్న రెండక్షరాలు సగం చెరిగిపోయాయి. అదే అరలో, అలాంటి సీసాలోనే, అటెండరు టీలోకి పంచదార దాచుకున్నాడు. ఇదేమిటని అడిగితే, “ఏం కాదు సార్, ఉప్పే కదా, మనం తినే ఉప్పులో కూడా ఇదే కలుపుతారంట” అన్నాడు. అతణ్ని తప్పుపట్టలేను, చెప్పినవారు ఎవరూ లేరు.

మన దేశంలో వంట ఉప్పులో కలిపేది అయోడైడ్ కాదు, పొటాషియం అయోడేట్ అనే వేరే లవణం. మన వేడికీ తేమకూ అయోడైడ్ అంతగా నిలవదు కనుకనే ఆ ఏర్పాటు. పైగా పెద్దవారికి రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములైతే, ఒక్క గ్రాము పొటాషియం అయోడైడ్‌లో దాదాపు 760 మిల్లీగ్రాములు, అంటే ఐదు వేల రోజులకు సరిపడేంత ఉంటుంది. ఒకసారి నాలుకకు తగిలినంత మాత్రాన ప్రాణం పోదు. కానీ రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోతూ ఉంటే థైరాయిడ్ గ్రంథి దెబ్బతినవచ్చు. కొందరిలో అది మందగిస్తుంది, థైరాయిడ్ గడ్డలున్న కొందరిలో హార్మోను అతిగా ఊరుతుంది. నోట్లో లోహపు రుచి, ఊరుతూనే ఉండే లాలాజలం, తగ్గని జలుబు, ఒంటి మీద మొటిమల్లాంటి పొక్కులు, ఇవన్నీ అయోడైడ్ మితిమీరిందనడానికి గుర్తులు. గర్భిణులైన అధ్యాపకురాళ్లు, ప్రయోగశాల సిబ్బంది మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది మావి దాటి కడుపులోని బిడ్డ థైరాయిడ్‌కూ చేరుతుంది. ఇంత తెలిసీ కొన్నిచోట్ల ఇంకా పిల్లల చేత ద్రావణాన్ని కొలిచి తీసే గాజు గొట్టాన్ని, అంటే పిపెట్టును, నోటితో పీల్పిస్తున్నారంటే బాధ కలుగుతుంది.

సీసాలో కనిపించిన ఆ పసుపు రంగు, గాలికీ వెలుతురుకూ తేమకూ అయోడిన్ విడిపోతున్నదని చెప్పే గుర్తు. ఆమ్లం తగిలినా, సింకు కడగడానికి చల్లే బ్లీచింగ్ పౌడరు తగిలినా అయోడిన్ మరింత త్వరగా బయటపడుతుంది. దాని ఆవిరి కళ్లనూ గొంతునూ మండిస్తుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మాత్రం లవణ విశ్లేషణ, అంటే ఇచ్చిన లవణంలో ఏమున్నాయో కనిపెట్టే ప్రయోగం. సీసం (లెడ్) లవణ ద్రావణంలో అయోడైడ్ పోయగానే మెరిసే పసుపుపచ్చని అవక్షేపాన్ని చూసి పిల్లలు మురిసిపోతారు. ఒకప్పుడు నేనూ అలాగే మురిసిపోయాను. మరుక్షణం ఆ పరీక్షనాళికను సింకులో బోర్లిస్తారు. అమ్మోనియాను గుర్తించే నెస్లర్ కారకంలో ఉన్నదీ ఈ అయోడైడే, కాకపోతే అక్కడ దానితోపాటు పాదరసం ఉంటుంది. సీసం, పాదరసం కాలువలో పోస్తే నశించేవి కావు. నీటిలో, మట్టిలో అలాగే ఉండిపోతాయి.

గోధుమరంగు గాజుసీసా, బిగుతైన మూత, తెలుగులో హెచ్చరికతో తేదీ వేసిన చీటీ, పిపెట్టుకు రబ్బరు బల్బు, కళ్లద్దాలు, చేతితొడుగులు ఏ కళాశాలకూ మోయలేని ఖర్చు కాదు. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా కడగడానికి పనిచేసే కుళాయి ఒకటి ఉండాలి. సీసం, పాదరసం కలిసిన వ్యర్థాలను వేర్వేరు డబ్బాల్లో పోయించి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే అనుమతి ఉన్నవారికే అప్పగించాలి. ఇవన్నీ ఉన్నాయో లేదో పరీక్షకులు తమ నివేదికలో రాసేలా, ఈసారి ప్రయోగ పరీక్షలు మొదలయ్యేలోపే ఇంటర్మీడియెట్ విద్యామండలి ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి