కోత పెట్టాల్సింది మా ఊరి రేడియో స్టేషన్‌కా?

సంపాదకులకు నమస్కారం.

ఖజానాలో డబ్బుల్లేనప్పుడు ఆకాశవాణికీ దూరదర్శన్‌కూ కోట్లు పోయడం దేనికని మొన్న మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటున్నారని కూడా అడిగారు. నేను కర్నూలు పాతబస్తీలో నలభై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నవాణ్ని. ఇప్పుడు పొట్ట గడిచేది మిక్సీలు, ఫ్యాన్ల మీదే అనుకోండి. రేడియోలు వారానికి ఒకటో రెండో వస్తాయి. కాబట్టి ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే.

ఆ ఒకటీ రెండూ ఎవరివో ఆయనకు తెలిసుండదు. పోయిన వారం గూడూరు వైపు నుంచి ఉల్లి రైతు ఒకాయన పాత ట్రాన్సిస్టర్ తెచ్చాడు. సెల్లులు కారి స్ప్రింగులు పచ్చగా చిలుం పట్టాయి. డయల్ దారం తెగి ముల్లు ఒక మూలకు పడిపోయింది. "ఫోన్లో కూడా రేడియో వస్తాది కదప్పా, దీనికెందుకు ఖర్చు?" అన్నాను. "చేన్లో సిగ్నలుంటే కదన్నా వచ్చేది. చేతులకు మట్టి, ఫోను యాడ పట్టుకునేది? ఇదైతే గట్టు మీద పెడితే దాని పాటికది చెప్తాంటాది" అన్నాడు. స్ప్రింగులు, దారం కలిపి ఎనభై రూపాయలు తీసుకున్నా.

2009 అక్టోబరు 2 సంగతి కర్నూలు వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. మా వీధిలో పదిళ్ల వాళ్లం ఒకే మిద్దె మీదికి చేరాం. కరెంటు లేదు, చార్జింగు అయిపోయి సెల్‌ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కింద నీళ్లు, పైన పుకార్లు. శ్రీశైలం డ్యాం తెగిందని ఒకడు, తెగలేదు కాబట్టే వెనక నీళ్లు మన మీదికి తన్నుతున్నాయని ఇంకొకడు. రిపేరుకు వచ్చిన సెట్టొకటి నా సంచిలో ఉండిపోయింది. అది ఎంత పాతదంటే మీడియం వేవ్ అనే పాత బ్యాండు ఒక్కటే పలుకుతుంది, ఎఫ్ఎం రాదు. కడప ఆకాశవాణి వచ్చే 900 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు ఆపి, సెట్టును అడ్డంగా నిలువుగా తిప్పుకుంటూ పోయాను. లోపల సిగ్నల్ పట్టే ఫెరైట్ కడ్డీ ఉంటుంది, అది స్టేషన్‌కు సరైన దిక్కులో తిరిగితేనే మాట తేటగా అందుతుంది. ఒకచోట అందింది. డ్యాం నిలిచే ఉందని వార్తల్లో విన్నాం. నీళ్లేమీ తగ్గలేదు గానీ, పిల్లల్ని పట్టుకుని ఏడుస్తున్న ఆడవాళ్లు కాస్త తెరిపిన పడ్డారు.

కడప మాకు రెండు వందల కిలోమీటర్లు. మీడియం వేవ్ అంత దూరం వస్తుంది, ఎఫ్ఎం రాదు. దాని టవరు కంటికి ఆనేంత మేరకే, మహా అయితే యాభై అరవై కిలోమీటర్లు పలుకుతుంది. ఇక్కడి టవరు నీళ్లలో ఉంటే ఎక్కడో దూరాన ఉన్నది పలకాలి. ఖర్చు పేరుతో దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్లను ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నవాళ్లు ఈ లెక్క ఎక్కడ వేశారో నాకు తెలియడం లేదు.

ఇక రూపాయల సంగతి. ఆకాశవాణి, దూరదర్శన్‌ల సామగ్రి బాగుచేయడానికని 2025-26 దాకా కేంద్రం మంజూరు చేసింది 2,539.61 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. 140 కోట్ల మందికి పంచితే తలకు పద్దెనిమిది రూపాయలు, మా సందు చివర ప్లేటు ఉగ్గాని కూడా రాదు. జీతాలు దీనికి వేరే, ఒప్పుకుంటాను.

ఇంకో సంగతి ఆ పాఠకుడు మరిచారు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం వాళ్లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తలే వేసుకోవాలి. అంటే ఆకాశవాణి నోరు మూస్తే రేడియోలో వార్త అనేదే ఉండదు. ఆ వార్తల్లో మంత్రుల శంకుస్థాపనలు ఎక్కువ, రైతు గోడు తక్కువ అంటే మాత్రం నేనేమీ వాదించను.

కోత పెట్టే చోట్లు నిజంగానే ఉన్నాయి. డీఆర్‌ఎం అని డిజిటల్ ట్రాన్స్‌మీటర్లు దేశమంతా 35 దాకా పెట్టారు. కొన్ని కార్లలో తప్ప ఆ ప్రసారం పట్టే సెట్టు మామూలు మనిషి ఇంట్లో నేను చూడలేదు. నా దుకాణానికి ఇంతవరకూ ఒక్కటీ రిపేరుకు రాలేదు, పాడవడానికి ముందు ఎవరో ఒకరు కొనాలి కదా! అక్కడ కోయకుండా, పూటకింత లెక్కన పనిచేసే కాజువల్ అనౌన్సర్ల డ్యూటీలు తగ్గించి, మా యాస వినపడే గంటల్లో వేరే ఊరి కార్యక్రమం రిలే చేస్తే ఎంత మిగులుతుంది?

మా నాన్న రేడియోకు లైసెన్సు కట్టేవాడు. ఏటా పోస్టాఫీసుకు పోయి, డబ్బు కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు అంటించుకుని వచ్చేవాడు. పుస్తకం ఇంకా నా బీరువాలో ఉంది. ఆ లైసెన్సు 1980లలో ఎత్తేశారు. బాధ తప్పిందనుకున్నాం గానీ, అప్పటినుంచి రేడియో ఎక్కువగా సర్కారు చేతి చలవ మీద పడింది. ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసారభారతి సంస్థ కోసం చట్టం 1990లో చేసి, 1997 దాకా అమలు చేయలేదు. సంస్థ స్వతంత్రమన్నారు, జీతాలిచ్చేది మాత్రం ఢిల్లీయే. ఏటా చెయ్యి చాచేవాడు ఎంత గట్టిగా మాట్లాడగలడు? అమెరికాలో చూడండి, పబ్లిక్ రేడియో, టీవీలకు ముందే ఇస్తామన్న 110 కోట్ల డాలర్లను 2025 జులైలో చట్టసభల్లో ఓటింగు పెట్టి వెనక్కి తీసుకున్నారు. గ్రీసులో అప్పుల పేరు చెప్పి 2013 జూన్‌లో సర్కారు రేడియో, టీవీలను రాత్రికి రాత్రి ఆపేశారు, 2015లో వేరే ప్రభుత్వం వచ్చి మళ్లీ తెరిచింది.

అందుకని డబ్బు ఇవ్వాలంటాను. అయిదేళ్లకు ఇంత అని ముందే చట్టంలో రాసి, అందులో జిల్లా స్టేషన్ల సొంత కార్యక్రమాల వాటా విడిగా చూపించాలి. మన రాయలసీమ ఎంపీలు పార్లమెంటులో ఒక ప్రశ్న వేస్తే చాలు: కర్నూలు, అనంతపురం, కడప స్టేషన్లలో రోజుకు ఎన్ని గంటలు ఇక్కడే తయారైన కార్యక్రమాలు వస్తున్నాయి, పదేళ్ల కింద ఎన్ని వచ్చేవి? జవాబు వచ్చిన రోజు మీ పత్రికలో అచ్చు వేయండి.

— ఒక రేడియో మెకానిక్,
పాతబస్తీ, కర్నూలు