పేరు లేని నూబియన్

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైనా జవాబు రాయలేదు. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడ అందరమూ కులాసా, అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, చిన్నవాడు ఇంటర్లో చేరాడు. ఇక అసలు సంగతి చెప్పనీ, చెబితే తప్ప నాకు నిద్ర పట్టేట్టు లేదు.

మొన్న శనివారం రాత్రి 1932 నాటి హాలీవుడ్ దయ్యాల సినిమా ‘ది మమ్మీ’ మళ్ళీ చూశాను. హాస్టల్లో మనం దుప్పట్లు కప్పుకొని చూసినదే. (నీ దుప్పటి లాగింది ఎవరో నేను ఇప్పటికీ చెప్పను.) శవపేటికలో మమ్మీ వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ కళ్ళు సన్నగా తెరుచుకోవడం, ఆ తరువాత మనిషి కనబడకుండా గుడ్డపేలికలు మాత్రం నేల మీద పాకుతూ గుమ్మం దాటిపోవడం చూస్తే ఈ వయసులోనూ ఒళ్ళు జలదరించింది. అయితే ఈసారి నా దృష్టి కార్లాఫ్ మీద కాక, ఆయన చూపుకు లొంగి బానిసైపోయే నల్లని సేవకుడి మీద నిలిచిపోయింది. నటుల పట్టికలో ఆ పాత్రకు పేరే లేదు. ‘నూబియన్’, అంటే ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా వాడు, అని ఊరుకున్నారు.

ఆ వేషం వేసినవాడు నోబుల్ జాన్సన్. నల్లజాతివారి కథలను తామే తీయాలని 1916లో తమ్ముడు జార్జితో కలిసి లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ పెట్టినవాడు. అటువంటి మనిషి చివరకు... ఉండు, అసలు విడ్డూరం ఇంకా చెప్పనేలేదు. అదే 1932లో వచ్చిన ‘ది మోస్ట్ డేంజరస్ గేమ్’లో మనుషులను వేటాడే కౌంట్ జారోఫ్‌కు ఇవాన్ అనే కొసాక్కు (రష్యా వైపు యోధుల తెగ) సేవకుడు ఉంటాడు కదా, అతడూ ఈ జాన్సనే! నలుపు తెలుపు చిత్రం కనుక ముఖానికి తెల్లరంగు పూసి, గడ్డం తగిలించి నిలబెట్టేశారు. సినిమా పండితులమని తిరిగిన మనకే అనుమానం రాలేదు. తెల్లవాడయ్యాక పేరైతే దక్కింది కాని, ఆ ఇవాన్ మూగవాడు. మరుసటి ఏడాది ‘కింగ్ కాంగ్’లో దీవి నాయకుడూ ఇతడే, పైగా ఆ రెండు చిత్రాలకూ అడవి సెట్లు ఒక్కటే.

నవ్వుతూ మొదలుపెట్టాను కాని, రాస్తుంటే మనసు బరువెక్కుతోంది. కార్లాఫ్‌ను మాత్రం ఏమనను? అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, పుట్టింది లండన్లో. తండ్రి మన దేశంలో ఉప్పు సుంకాల కొలువు చేశాడు, వంశంలో భారతీయ రక్తం ఉన్నది. ఆయన మాత్రం కార్లాఫ్ అన్నది స్లావ్ (తూర్పు ఐరోపా జాతి) పూర్వీకుల ఇంటిపేరని చెప్పుకున్నాడు. ఆ ఏడే ‘ది మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ’లో చైనావాడి వేషమూ కట్టాడు. జాన్సన్‌కూ వేషాలు మారాయి, ఈయనకూ మారాయి. సంభాషణలు మాత్రం ఈయనకే రాశారు. నాకు కోపం ఎవరి మీదో ఇంకా తేలలేదు కాని

ఎదురింటి అబ్బాయి ఈ ఉత్తరం పట్టుకెళ్ళి నీకిస్తానని బండి స్టార్టు చేసి హారన్ కొడుతున్నాడు. కార్లాఫ్‌తో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసిన దర్శకుడు జేమ్స్ వేల్ గురించి రాయనేలేదు, వచ్చే

నీ
సుబ్బు