శనివారం ఈవీఎంల (ఓటింగ్ మెషీన్ల) సదస్సుకి వచ్చేవాళ్లకి

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, కోటు వేసుకోవాలా?" అక్కర్లేదు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు చాలు. టీషర్టైనా పర్లేదు, కానీ స్టేజీ ఎక్కేవాళ్లు కాలర్ ఉన్నది వేసుకోండి, మైకు తగిలించాలి. ఆడవాళ్లకి విడిగా రూలేమీ లేదు, ఎవరిష్టం వాళ్లది. పోయినసారి నేను టై కట్టుకొస్తే, హోటల్ మనిషిననుకుని ఒకాయన కాఫీ తెమ్మన్నాడు!

ఇక ఈవీఎం చర్చ. "హ్యాక్ చేసేశారంట" ఫార్వర్డులు దయచేసి ఆపండి. ఈ మెషీన్లు చేసేది రెండే ప్రభుత్వ సంస్థలు: మన బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. వాటికి ఇంటర్నెట్ ఉండదు, నిజమే. అలాగని అనుమానమే తప్పనడం కూడా నాకు నచ్చదు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ హాల్డర్‌మన్ బృందం చూపించింది కూడా మెషీన్ చేతికి చిక్కితే ఏం చేయొచ్చన్నదే. మెషీన్‌లో డిస్‌ప్లే బోర్డు మార్చి ఓట్ల అంకెలు తారుమారు చేశారు. అప్పటికి వీవీప్యాట్, అంటే ఓటు ఎవరికి పడిందో కాగితం స్లిప్పు మీద చూపించే మెషీన్, లేదు. ఇప్పుడు స్లిప్పు 7 సెకన్లు కనిపిస్తుంది, కానీ మెషీన్ లెక్కతో సరిచూడ్డానికి స్లిప్పులు లెక్కపెట్టేది అసెంబ్లీ సెగ్మెంటుకి 5 బూత్‌లవే. అన్నీ లెక్కపెట్టాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులు ఎక్కించే యూనిట్లను మాత్రం సీల్ చేసి 45 రోజులు దాచమంది.

ఆ 5 చాలా, చాలవా? శనివారం దీని మీదే కొట్టుకుందాం, పార్టీల గొడవ వద్దు. సరిగ్గా 10కి మొదలు. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లోంచి వచ్చేవాళ్లు 8కే బయల్దేరండి.