ఎండల్లో లిథియం వాడేవారి సంగతి

సంపాదకులకు నమస్కారం.

అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే మానసిక జబ్బు అయిన బైపోలార్ వ్యాధికి 1949 నుంచి వాడుకలోకి వచ్చిన లిథియం ఎందరో ప్రాణాలు నిలిపిన మందు. అయితే రక్తంలో అది లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే మేలు చేస్తుంది, 1.5 దాటితే విషమవుతుంది. ఈ మందు వాడుతూ కిందటి మే నెలలో ఎండలో ఉపాధి పనికి వెళ్లి చెమటోడ్చి, ఒంటినొప్పులకు మందుల దుకాణంలో ఇచ్చిన డైక్లోఫెనాక్ మింగిన మా తమ్ముడికి చేతులు వణికి, మాట తడబడి, నడక తూలితే, తాగి వచ్చాడని ఊరంతా అనుకుంది; ఆ మాట నన్నింకా బాధిస్తోంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినా, అలాంటి నొప్పి మాత్రలు వేసుకున్నా మూత్రపిండాలు లిథియాన్ని సరిగా బయటకు పంపలేవని మాకెవరూ చెప్పలేదు. భయపడి సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది కూడా. వేసవికి ముందే లిథియం రక్తపరీక్ష మండలాల్లో అందేలా, ఈ జాగ్రత్తలు మందుచీటీపై తెలుగులో రాసిచ్చేలా జిల్లా వైద్యాధికారులు చూడాలని కోరుతున్నాను.

– ఒక రోగి అక్క, హనుమకొండ జిల్లా