మా అమ్మను మళ్లీ లేపి నిలబెట్టిన సోదరికి కృతజ్ఞతలు

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో ఒక చిన్న ఫిజియోథెరపీ కేంద్రంలో పనిచేసే ఒడియా సోదరికి మా కుటుంబం నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలి. తన పేరు రాయవద్దని ఆమె గట్టిగా కోరారు కనుక రాయడం లేదు గానీ, ఆమె చేసిన మేలు రాయకుండా ఉండలేకపోతున్నాను. నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఒళ్లూ మనసూ అలిసిపోయి ఉన్నాయి. ఎక్కడైనా మాట తడబడితే చదివేవారు మన్నించాలి.

మా అమ్మకు 72 ఏళ్లు. ఆంధ్రలోని పాతపట్నం దగ్గరి పల్లెలో కాపురం చేసింది. నాన్నగారు పోయాక మా దగ్గరకు పర్లాకిమిడి వచ్చి ఉంటోంది. వానాకాలంలో వచ్చిన జ్వరం ఆమెను మంచాన పడవేసింది. జ్వరం తగ్గింది గానీ అమ్మ మంచం దిగలేదు. పీట మీద కూర్చుంటే లేవలేకపోయేది, డబ్బా మూత తిప్పలేకపోయేది, ముంజేతికి సరిపోయిన గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఆ తరువాత మాటలు తగ్గాయి. అన్నం ముందు పెడితే ఆకలి లేదనేది, స్నానం రేపు చేస్తాననేది, ఇరుగుపొరుగు వారు పలకరించడానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకునేది. ఎముక ఏదీ విరగలేదు, రక్త పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, బీపీ, షుగరు అదుపులోనే ఉన్నాయి. ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లి, తెల్లవారుజాము నుంచి వరుసలో నిలబడి, చివరకు వైద్యుని ముందు కూర్చోబెడితే, ఆయన అమ్మ ముఖమైనా చూడకుండా వయసు వల్ల వచ్చిన నీరసమని విటమిన్ మాత్రలు రాసి పంపివేశారు.

ఆ గది బయట బల్ల మీద నుంచి లేవడానికి అమ్మ రెండుసార్లు ప్రయత్నించి మళ్లీ కూలబడింది. అక్కడున్న వారందరూ చూశారు. లేచి వచ్చినది ఈ సోదరి ఒక్కరే. ఆమె ఆ రోజు అక్కడికి ఉద్యోగానికి రాలేదు. ఆమె మామగారిని స్కానింగుకు లోపలికి తీసుకువెళ్లి ఉన్నారు, ఆ ఆందోళన ఆమె కళ్లలోనే కనిపిస్తోంది. అయినా వచ్చి, అమ్మ తల ఎత్తి చూడవలసిన అవసరం లేకుండా నేల మీదే కూర్చుని, “మావుసీ” (ఒడియాలో పిన్ని) అని పిలిచి, తన రెండు వేళ్లు అమ్మ చేతిలో పెట్టి, ఎంత గట్టిగా నొక్కగలరో నొక్కమన్నారు. నేను జవాబు చెప్పబోతే చేయి అడ్డుపెట్టి ఆపారు. ఏమి అడిగినా అమ్మనే అడిగారు, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులోనే అడిగారు. ఒంట్లో బాగున్న రోజుల్లో ఉదయం నుంచి రాత్రి దాకా ఏమేమి పనులు చేసేవారో చెప్పించుకున్నారు. ఆ తరువాత, ఇప్పుడు తెల్లవారి మెలకువ రాగానే ఏమనిపిస్తుందని అడిగారు.

మాకెవరికీ ఏమీ చెప్పని అమ్మ ఆమెకు చెప్పింది. “అసలు తెల్లవారకపోతే బాగుండును అనిపిస్తుంది తల్లీ. వీళ్లకు బరువైపోయాను.”

నేను స్తంభం వైపు తిరిగి నిలబడ్డాను. నాన్నగారు పోయిన రోజున కూడా నాకు అంత ఏడుపు రాలేదు. ఆమె మాత్రం ఉలిక్కిపడలేదు, అలా అనకూడదని మందలించలేదు, దేవుడిని తలచుకోమనీ చెప్పలేదు. అమ్మ చేయి వదలకుండానే, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని మెల్లగా, సూటిగా అడిగారు. లేదని అమ్మ తల అడ్డంగా ఊపాక, ఇది కూడా ఒక జబ్బేననీ, దీనికి వైద్యం ఉందనీ చెప్పారు. లోపలి నుంచి వాళ్ల మామగారి పేరు పిలిస్తే వెళ్లి, ఆయనను బయటకు తీసుకువచ్చి కూర్చోబెట్టి, మళ్లీ మా దగ్గరకే వచ్చారు. తన సొంత ఆపదలో ఉండి, భాష కాని భాషలో, ముక్కూ మొహం తెలియని ముసలితల్లి కోసం అలా తిరిగి రావడాన్ని నేను ఈ జన్మకు మరిచిపోలేను.

మందుల చీటీ వెనుక ఆమె సార్కోపీనియా అని రాసి ఇచ్చారు. వయసుతో పాటు కండ, దాని బలం మితిమీరి తగ్గిపోయే స్థితి అది. ముప్పై దాటాక ప్రతి పదేళ్లకు కండ మూడు నుంచి ఎనిమిది శాతం దాకా తరుగుతుంది, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. జబ్బు చేసి మంచాన పడితే ఏళ్ల తరుగు వారాల్లోనే జరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజుల పాటు మంచం మీదే ఉంచి 2007 లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కాళ్ల కండే దాదాపు ఒక కిలో తగ్గిందట. ఆసియా దేశాల నిపుణులు 2019 లో సవరించిన కొలతల ప్రకారం ఆడవారి పిడికిలి బలం 18 కిలోల కన్న తక్కువైనా, కుర్చీలో నుంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు గానీ అంతకు మించి గానీ పట్టినా అనుమానించాలి. అమ్మ ఆ రోజు ఒక్కసారి కూడా లేవలేకపోయింది.

ఆమె మాకు విడమరిచి చెప్పినది ఇంకొకటి ఉంది, ఇంట్లో పెద్దవారున్న ప్రతివారూ దీనిని తెలుసుకోవాలి. కండ తగ్గితే పడిపోతామన్న భయం వస్తుంది, భయంతో గడప దాటరు, గడప దాటకపోతే మనుషులు దూరమై మనసు కుంగుతుంది. కుంగిన మనసుకు ఆకలి ఉండదు, కదలాలనిపించదు, దానితో ఉన్న కండ కూడా కరుగుతుంది. ఈ రెండూ ఒకదానినొకటి పెంచుతూ పోతాయి కనుక, ఒక్కదానికే వైద్యం చేయించి రెండవదానిని వదిలేస్తే ఫలితం నిలవదు. మానసిక వైద్యుని వద్దకు వెళ్లడానికి అమ్మ ఒప్పుకున్నది ఆమె మాట మీదనే. అప్పటిదాకా మాట్లాడడానికి 14416 నంబరు ఇచ్చారు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవలో తెలుగులో మాట్లాడవచ్చు, దానికి డబ్బు కట్టనక్కరలేదు.

ఆ తరువాత ఆమె తన పని ముగించుకుని ఇంటికి వెళ్లే దారిలో సాయంత్రాలు మా ఇంటికి వచ్చేవారు. టైలర్లు వాడే టేపుతో పిక్క చుట్టుకొలత తీసేవారు. కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచి, చేతులు ఆనించకుండా లేవడం నేర్పారు. కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తించారు, ఆపైన చీలమండలకు ఇసుక మూటలు కట్టి కాళ్లు ఎత్తించారు. చారు అన్నంతో సరిపెట్టుకునే అమ్మకు ఒంటి బరువులో కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా రోజుకు ప్రొటీన్ అందాలని లెక్కగట్టి, మూత్రపిండాలు బాగున్నాయని పరీక్షలో చూసుకున్నాకే, గుడ్డు, పెరుగు, చేప, ఉలవలు, ముద్ద పప్పు మూడు పూటలకూ పంచి పెట్టమన్నారు. ఈ వయసులో కండ ఎలా వస్తుందని అమ్మ అడిగితే, అమెరికాలో ఒక వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ల వారి చేత ఎనిమిది వారాలు బరువులు ఎత్తిస్తే తొడల బలం సగటున 174 శాతం పెరిగిందనీ, అది 1990 లోనే అచ్చయిందనీ చెప్పి, వాళ్లకన్న మీరు చిన్నవారు కదా మావుసీ అన్నారు. ఎన్నో వారాల తరువాత అమ్మ నవ్వింది అప్పుడే. డబ్బు ఎంత బతిమాలినా తీసుకోలేదు.

ఒక బాధ మాత్రం చెప్పక తప్పదు. సార్కోపీనియా అన్న పేరు పుట్టి మూడు దశాబ్దాలు దాటింది, అమెరికాలో 2016 లోనే దీనికి వ్యాధుల పట్టికలో సొంత సంఖ్య ఇచ్చారు, ఇక్కడ మాత్రం మాకు దొరికిన జవాబు వయసు అన్న ఒక్క మాట. 2010–11 లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు విడిగా ఓపీ, పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలంటుంది. అవి పూర్తిగా అమలై ఉంటే దారినపోయే మనిషి దయ మీద మేము ఆధారపడవలసి వచ్చేదా? 70 ఏళ్లు నిండిన వారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ భారత్ వైద్య బీమా ఉంది, మంచిదే, కానీ అది ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. మా అమ్మకు కావలసినది ఆపరేషన్ కాదు, వారానికి కొన్ని సార్లు తెలిసిన మనిషి దగ్గరుండి లేపి కూర్చోబెట్టడం, ఆమె భాషలో ఆమె బాధ వినడం. దానికి ఏ కార్డూ పనికిరాదు. సరిహద్దు కుటుంబాలకు కార్డు ఒక రాష్ట్రానిది, కాపురం ఇంకొక రాష్ట్రంలోది కావడం మరొక తిప్పలు. పిడికిలి బలం చూసే పరికరం, నాలుగు ప్రశ్నలు అడిగే తీరిక, తెలుగు తెలిసిన ఒక మనిషి, ఇంతకు మించి మేము అడగడం లేదు.

ఇప్పుడు అమ్మ కుర్చీ చేతులు పట్టుకోకుండా లేస్తోంది, కర్ర సాయంతో వీధి మలుపు దాకా వెళ్లి వస్తోంది. మనసుకు వేసుకునే మందు ఇంకా నడుస్తోంది, కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు బాగుండదు.

నా భార్య, చెల్లెలు చేసిన సేవ గురించి వేరే చెప్పనక్కరలేదు, వాళ్లకు తెలుసు, నాకు తెలుసు. మంచం కోళ్ల కింద దిమ్మలు బిగించి ఎత్తు పెంచిన వడ్రంగి గారికి, మెట్ల మీద అమ్మను కుర్చీతో సహా మోసిన ఆటో అబ్బాయికి, ఫోనులో అంత ఓపికగా విన్న 14416 అమ్మాయికి నమస్కారాలు. ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లిన ల్యాబు కుర్రవాడిని ఇందాక మరిచిపోయాను. చేతుల కుర్చీ ఇచ్చి ఇంతవరకు తిరిగి అడగని ఎదురింటి పిన్నిగారికి కూడా, పిన్నిగారూ, ఈ వారంలోనే కొత్తది కొని మీది మీకు పంపిస్తాను.