దొడ్డిదారి అన్నావు కదా

అమ్మలూ,

నిన్న ఫోన్లో, డిగ్రీ అయ్యాక చేసే మూడేళ్ల లా గురించి మాట్లాడుతుంటే నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "క్లాట్ రానివాళ్లకి మిగిలింది ఈ దొడ్డిదారేగా అమ్మా" అన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు. ఎదురుగా ఒక ప్లీడరుగారు అవతలివాళ్ల పిటిషన్‌కి జవాబు, అదే కౌంటర్, టైపు చేయించుకుంటూ కూర్చున్నారు. పైగా నీలా నాకు నోటితో టకటకా సమాధానం రాదు, వేళ్లతో అయితేనే వస్తుంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. లా చదవడానికి, లాయర్ల చదువుకి రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ పెట్టినవే రెండు దారులు. ఇంటర్ తర్వాత ఐదేళ్లది, ఏదైనా డిగ్రీ తర్వాత మూడేళ్లది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత ఉన్న ఆ క్లాట్‌లో, నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్‌లో, నీకు మొదటిది దొరకలేదు, అంతే. ఏ దారిన వచ్చినా చివర్లో రాసేది ఒకటే ఆలిండియా బార్ పరీక్ష, వేసుకునేది ఒకటే నల్లకోటు. ఇన్నేళ్లుగా కోర్టు బయట టైపు కొడుతున్నాను, క్లయింటు తన కేసు ప్లీడరుకి అప్పగిస్తూ ఇచ్చే వకాలత్ మీద తన పేరు పక్కన "ఐదేళ్ల లా" అని కొట్టమన్నవాళ్లని ఒక్కరినీ చూడలేదు. ఐదేళ్ల చదువుకి పేరు తెచ్చిన బెంగళూరు నేషనల్ లా స్కూల్ కూడా 2022లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ మొదలుపెట్టింది. మరి వాళ్లదీ దొడ్డిదారేనా?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి నీకు తెలుసు. బడి మధ్యలో మానేసి, జైలుకెళ్లొచ్చి, బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ అయ్యాక 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి ఆవిడకి ముప్పై దాటాయి. ఆ తర్వాతే కదా రాజ్యాంగ సభలో కూర్చున్నది. నీకింకా ఇరవై ఒకటి.

అసలు దొడ్డిదారి వేరే ఉంది, నేను కళ్లారా చూశాను. ఆ మధ్య ఒక కొత్త ప్లీడరు ఇంజంక్షన్ దావా, అంటే అవతలివాళ్లని ఆపమని కోర్టుని అడిగేది, కొట్టించుకోడానికి వచ్చాడు. పేరాలు చెబుతూ చెబుతూ కాజ్ ఆఫ్ యాక్షన్ దగ్గర ఆగిపోయాడు. తగాదా ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో రాసే పేరా అది. అది లేకపోతే దావాకి కాళ్లే లేవు. అతను నా వైపు వంగి, క్లయింటుకి వినపడకుండా, "మేడమ్, ఇక్కడ మామూలుగా ఏం కొడతారు?" అన్నాడు. పాత దావా ఒకటి తీసి చూపించాను. రానక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలన్న కాలేజీలో చదివాడట. బార్ కౌన్సిల్ లెక్కన హాజరు 70 శాతం ఉండాలి, దూరవిద్యలో లా లేనే లేదు. నువ్వూ ఫీజు కట్టి ఇంట్లో కూర్చునే సీటు తెచ్చుకుంటే అప్పుడు నేనే అంటాను, దొడ్డిదారి అని.

ఇంకోటి. మా షెడ్డు పక్కనుండే గుమాస్తాగారు పదో తరగతితో ఆపేసి, ఇంటర్ లేకుండానే ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ చేశారు. మన రాష్ట్రం లా ఎంట్రన్స్ లాసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఇంటర్ మెమో అడిగారు. ఇంటర్ లేని డిగ్రీ ఎల్‌ఎల్‌బీకి చెల్లదని ఆయనకి ఆ రోజే తెలిసింది. దూరవిద్యలో డిగ్రీ చేసినా పర్వాలేదు గానీ కింది మెట్టు ఉండాలి. వేరేవాళ్ల దావాలన్నీ కంఠతా వచ్చిన మనిషి తన రూలు చదువుకోలేదు! అందుకే, నోటిఫికేషన్ మొత్తం చదువు. మన బీసీలకి డిగ్రీలో 42 శాతం కావాలి, జనరల్ వాళ్లకైతే 45. మార్కుల భయం నీకు లేదు. నీ సెకండియర్ బ్యాక్‌లాగ్ ఒక్కటే నా టెన్షన్. ఫైనలియర్‌లో ఉండగానే లాసెట్ రాయొచ్చు, కానీ ఆ పేపర్ పాసైతేనే సీటు.

పరీక్షకి మాత్రం భయపడకు. గంటన్నరలో 120 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, తెలుగులోనూ ఉంటాయి. అందులో సగం, అంటే 60, లా మీద ఆసక్తి, అవగాహన చూసేవే. ఏడో తరగతిలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేను కొట్టిన కాగితాలు గట్టిగా చదివేదానివి, గుర్తుందా? ఓసారి ఒక పేరాలో "ప్రతివాది స్వాధీనంలో" బదులు "వాది స్వాధీనంలో" అని పడింది. నేను చూసుకోలేదు, ప్లీడరుగారూ చూసుకోకుండా సంతకం పెట్టబోతుంటే, "ఇల్లు కేసేసినాయన దగ్గరే ఉంటే మరి కేసెందుకమ్మా?" అన్నావు. ప్లీడరుగారు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. ఆ కాగితం మళ్లీ కొట్టాల్సి వచ్చినందుకు ఆ రోజు నీమీద విసుక్కున్నాను కూడా.

పాత ప్రశ్నపత్రాలు దొరికినన్ని జిరాక్స్ తీయించి పంపుతున్నాను. ఇంటర్ మెమో ఒరిజినల్ ఇక్కడ బీరువాలో ఉంది, హాస్టల్లో వెతుక్కుని కంగారుపడకు.

మీ అమ్మ