నాగార్జునకొండలో కలిసిన పెద్దాయనకు

విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లి నాగార్జునకొండ మ్యూజియం చూసిన రోజు, మా పాపకు శాసనం చదివి చూపించిన పెద్దాయనకు నమస్కారాలు. లాంచీ వేళవుతోందని పరుగెత్తాం, మీ పేరైనా అడగలేదు.

మీరు సెల్‌ఫోన్ లైటు పక్కవాటుగా పట్టగానే, అప్పటిదాకా గీతల్లా ఉన్న బ్రాహ్మీ అక్షరాలు నీడ తేలి ఒక్కొక్కటే కనిపించాయి. కూడిక గుర్తుకు తోక పెట్టినట్టుండే ‘క’. మహాచైత్యమనే పెద్ద బౌద్ధ స్తూపానికి స్తంభాలు నిలిపిన చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త అని చెప్పారు. సాగర్ నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, శిల్పాలను కొండపైకి చేర్చినవాళ్లను తలుచుకుంటుంటే మీ గొంతు వణికింది.

పాప నోటుబుక్ నిండా ఆ ‘క’లే. ఎప్పటికైనా మీకు చూపించాలని ఉందండీ.